సభలో కూర్చున్నవాడి పావు వంతు

ఇక్కడి బిజినెస్ స్కూళ్ళలో బోర్డ్ ఫెలోస్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎంబీఏ చదివే పిల్లల్ని ఊళ్ళోని ఏదో ఒక సేవాసంస్థ బోర్డులో ఒక విద్యాసంవత్సరం పాటు కూర్చోబెడతారు. సమావేశాలకు వెళ్ళొచ్చు, కాగితాలు చూడొచ్చు, మాట్లాడొచ్చు. ఓటు మాత్రం ఉండదు. సంస్థకు పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చేసిపెట్టి, చదువైపోగానే వెళ్ళిపోతారు. వాళ్ళకు తోడుగా ఈ వ్యవహారాల్లో తలపండిన మనిషిని ఒకరిని పెడతారు. గుంటూరులో సీఏ చదివి, ఒహాయో వచ్చి, ఇక్కడి సేవాసంస్థల లెక్కలు చూస్తూ రిటైరైన నేను అలా తోడుండేవాళ్ళలో ఒకదాన్ని. తలపండిందన్నది నిజమే, రంగు వేయడం మానేశాను.

ఈ పనికి ఒప్పుకున్నప్పుడు పిల్లలు బ్యాలెన్స్ షీటు గురించి అడుగుతారనుకున్నాను. అడుగుతారు కూడా. దాత ఫలానా పనికేనని ఇచ్చిన డబ్బును మిగతా డబ్బు నుంచి విడదీసి ఎందుకు చూపించాలి, పన్నే కట్టని సంస్థ ఏటేటా 990 ఫారం నింపి పన్నుల శాఖకు ఎందుకు పంపాలి, అందులో డబ్బు సంగతులతో పాటు బోర్డు నడిచే తీరు మీద అన్ని ప్రశ్నలెందుకు, ఇలాంటివి. ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయే విషయాలు. అసలు ప్రశ్న చలికాలం మొదలయ్యే వేళకు వస్తుంది. ఒక్కొక్కరూ ఒక్కోలా అడుగుతారు గానీ సారాంశం ఒకటే: నాకు ఓటు లేదు, అధికారం లేదు, వేసవికి ఇక్కడ ఉండను, నా కళ్ళముందు సరికానిదేదో జరిగితే అందులో నాకు భాగం ఉన్నట్టా, లేనట్టా?

చట్టాన్ని అడిగితే చిటికెలో తేల్చేస్తుంది. అమెరికా చట్టం సేవాసంస్థ బోర్డు సభ్యుల నెత్తిన మూడు బాధ్యతలు పెట్టింది. సంస్థ వ్యవహారాన్ని బుద్ధిమంతులు చూసుకునేంత శ్రద్ధగా చూసుకోవాలి. అక్కడ సొంత లాభం చూసుకోకూడదు. సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ దారి తప్పనివ్వకూడదు. ఇవన్నీ ఓటున్నవాళ్ళకు. విద్యార్థి సంతకం పెట్టేది బోర్డులో విన్నది బయట చెప్పనని ఒక కాగితం మీద, అంతే. వ్యవహారం చెడి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం దాకా వెళ్ళినా, జవాబు చెప్పుకోవాల్సింది ఓటున్న సభ్యులే. చట్టం లెక్కలో విద్యార్థి వాటా సున్నా.

నాకు ఈ సున్నా మింగుడుపడదు. భారతంలో సభాపర్వం తెలిసిన ఎవరికీ పడదనుకుంటాను.

ద్రౌపది ప్రశ్న అందరికీ తెలిసిందే. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయి తర్వాత నన్ను ఒడ్డాడా, నన్ను ఓడాక తాను ఓడాడా? భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదన్నాడు. మిగతా పెద్దలు ఆ పాటి కూడా అనలేదు. అప్పుడు విదురుడు లేచి ఒక పాత కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు, అంగిరసుడి కొడుకు సుధన్వుడు తమలో ఎవరు గొప్పని పంతానికి పోయి ప్రాణాలు పందెం ఒడ్డి, తీర్పు చెప్పమని ప్రహ్లాదుడి దగ్గరికే వస్తారు. కొడుకు ప్రాణం ఒక పక్క, నిజం ఒక పక్క. ఆయన కశ్యపుణ్ణి అడుగుతాడు, తెలిసీ నోరు విప్పనివాడికి ఏమవుతుందని. కశ్యపుడు లెక్క కట్టి మరీ చెబుతాడు. సభలో నిందించాల్సిన పనిని ఎవరూ నిందించకపోతే ఆ పాపంలో సగం సభకు పెద్దది, పావు చేసినవాడిది, పావు చూస్తూ కూర్చున్న సభాసదులది. నిందిస్తే పెద్దా బయటపడతాడు, సభాసదులూ బయటపడతారు, మొత్తం చేసినవాడి ఖాతాలోకే పోతుంది.

లెక్కల మనిషిని కాబట్టి ఈ భాగహారం మీదే నా దృష్టి ఆగిపోయింది. ఇందులో ఓటు ప్రసక్తి లేదు. సభలో ఉన్నావా, చూశావా, మాట్లాడావా, ఇంతే అడుగుతుంది. ఇంకో సంగతి, సభాసదుడు బయటపడటానికి అధర్మం ఆగిపోవాలన్న షరతు లేదు. పెదవి విప్పితే చాలు. నేను పిల్లలకు చెప్పేదంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది: బాధ్యత కుర్చీతో వస్తుంది, ఓటుతో కాదు, అది తీరేది మాటతో, గెలుపుతో కాదు.

చెప్పడం తేలికే. ఖమ్మం కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చినప్పుడు అది ఎంత బరువో తెలిసింది. వేసవి సెలవుల్లో బడి ఉండదు, బడి భోజనమూ ఉండదు. అలాంటి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే సంస్థ బోర్డులో అతను ఫెలో. ఎన్ని భోజనాలు పెట్టారో లెక్క పంపిస్తే ఆ ఖర్చు ఫెడరల్ సొమ్ములోంచి రాష్ట్రం ద్వారా తిరిగి వస్తుంది. ముందు చేతి నుంచి పెట్టాలి, తర్వాత ఎదురుచూడాలి. ఆ ఏడు రావాల్సింది రాలేదు, జీతాల రోజు వచ్చేసింది. పిల్లల దగ్గరికి భోజనం తీసుకెళ్ళే వ్యాను కొనమని ఒక ఫౌండేషన్ ఇచ్చిన గ్రాంటు బ్యాంకులో కదలకుండా ఉంది. సంస్థను నడిపే డైరెక్టరమ్మ అందులోంచి తీసి జీతాలిచ్చేసింది. ఎవరి జేబులోకీ డాలరు పోలేదు. ప్రభుత్వ డబ్బు రాగానే పూడ్చేద్దామనుకుంది. బోర్డుకు వచ్చిన కాగితాల్లో అదంతా ఒక్క వరుసలో, ఎవరికీ తగలకుండా ఉంది.

"ఆంటీ, ఇది తప్పేనా? తప్పయినా నాకెందుకు చెప్పండి. ఓటు లేదు. వీసా మీద ఉన్నవాణ్ణి. ఆవిడేమో నాకు రికమండేషన్ లెటర్ ఇవ్వాలి," అన్నాడు. మూడు కారణాల్లో మూడోదే అసలుదని మా ఇద్దరికీ తెలుసు. తప్పుపట్టను. అప్పుచేసి చదువుకోవడానికి వచ్చిన పిల్లాడికి ఆ లెటరు చిన్న విషయం కాదు.

కశ్యపుడి లెక్క చెప్పాను. విని వెళ్ళి, మళ్ళీ వచ్చినప్పుడు రామదాసుని వెంటబెట్టుకొచ్చాడు. ఖమ్మం వాడు కదా, ఊరుకుంటాడా. "కంచెర్ల గోపన్న పన్నుల సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు. ఆ డబ్బు ఖజానాది. మనవాళ్ళెవరైనా ఆయన్ని దొంగన్నారా? ఈవిడ కట్టింది గుడి కూడా కాదు, వంటవాళ్ళకీ డ్రైవర్లకీ జీతాలిచ్చింది."

గట్టి వాదనే. నేను చెప్పిన జవాబు ఇది. కథంతా నమ్ము, చివరిదాకా నమ్ము. రామలక్ష్మణులు రాత్రివేళ, గోపన్నను ఖైదు చేసిన గోల్కొండ పాలకుడు తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షలు లెక్కపెట్టి ఇచ్చారనే కదా చెప్పుకుంటాం? అంటే బాకీ ఉందని రాముడే ఒప్పుకున్నట్టు కదా! గుడి తనకోసమే కట్టాడు, భక్తుడు తనవాడే, అయినా ఆ సొమ్ము తనది కాదనీ, తానీషాకు ముట్టాల్సిందేననీ ఆయన అన్నాడు. పైగా రసీదు తీసుకున్నాడు. నేనింతకాలం చూసిన లెక్కల్లో అంత శుభ్రమైన చెల్లింపు లేదు. గోపన్న భక్తికీ తానీషా పద్దుకీ మధ్య ఆ కథ ఎవరినీ ఓడించదు. భక్తి ఉంది కాబట్టి బాకీ లేదనడానికి మాత్రం ఒప్పుకోదు.

కుర్రాడు నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. డబ్బు రాకపోయుంటేనో, అన్నాడు. రాకపోయుంటే గోపన్న ఖైదులోనే ఉండేవాడు, భక్తుడుగానే ఉండేవాడు, అన్నాను. మా మధ్య ఆ తగవు ఇంకా తెగలేదు.

డైరెక్టరమ్మ విషయంలో నాకు కోపం లేదని కూడా చెప్పాలి. ఆ స్థానంలో ఉన్నవాళ్ళ అవస్థ నాకు తెలుసు. గంటల లెక్కన పనిచేసే డ్రైవరు అద్దె కట్టుకోవాలంటే ఆ శుక్రవారం జీతం ఆ శుక్రవారమే పడాలి. తప్పు జీతాలివ్వడంలో లేదు. డబ్బు ఎవరిదో వాళ్ళకు ఒక మాట చెప్పకపోవడంలో ఉంది, ఆ సంగతి ఎవరూ తెరవని చోట పెట్టడంలో ఉంది.

ఆ చోటు పేరు కన్సెంట్ అజెండా. పాత మినిట్సు, మామూలు నివేదికలు, పెద్దగా చర్చ అక్కర్లేనివన్నీ ఒక కట్టగా కట్టి సమావేశం మొదట్లోనే ఒక్క చేతి ఊపుతో ఆమోదిస్తారు. మంచి పద్ధతే, సాయంత్రం ఆదా అవుతుంది. కానీ ఇబ్బందికరమైన వరుసలు అక్కడికే చేరతాయి, నేను బతికినంత కాలం చూశాను. ఓటున్న ఏ సభ్యుడైనా ఫలానా దాన్ని బయటికి తీయండంటే తీసి విడిగా మాట్లాడాలి. ఫెలోకి ఆ హక్కు లేదు. అందుకని సభలో లేచి గొంతెత్తడం కాదు, ముందు ట్రెజరరుకు ఫోన్ చెయ్యమన్నాను. నిలదీయొద్దు, తీర్పు చెప్పొద్దు, రెండు ప్రశ్నలే అడుగు: వ్యాను డబ్బులో ఇప్పుడు ఎంత మిగిలుంది? ఈ సర్దుబాటు ఫౌండేషన్ వాళ్ళకు తెలుసా?

చేశాడు. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయట. ట్రెజరరు పాత బ్యాంకు ఉద్యోగి, ఆ వరుస చదవనే లేదు. ఆవిడే దాన్ని కట్టలోంచి తీయించింది. సభలో ఓ పావుగంట ఇబ్బందిగా గడిచింది. ఫౌండేషన్‌కి ఉత్తరం రాశారు, వాళ్ళు తాత్కాలికంగా వాడుకోవడానికి ఒప్పుకుంటూ, వసంతానికల్లా తిరిగి జమచేయాలని గడువు పెట్టి జవాబిచ్చారు. నాటకమేమీ జరగలేదు. రికమండేషన్ లెటరూ వచ్చింది, కాస్త చప్పగా.

ఇక్కడితో కథ సుఖాంతమనుకుంటే వికర్ణుణ్ణి మరచిపోయినట్టే. ఆ నిండు సభలో ద్రౌపది పక్షాన మాట్లాడింది అతనొక్కడే అనుకుంటారు చాలామంది. విదురుడూ మాట్లాడాడు, కానీ కౌరవుల్లో తమ్ముడైన ఆ కుర్రవాడు అన్నకు ఎదురుగా చెప్పడం వేరు. కర్ణుడు ఏమన్నాడు? వాదంలోకి వెళ్ళకముందే వయసు ఎత్తిపొడిచాడు, చిన్నవాడివి పెద్దల్లా మాట్లాడుతున్నావని. బోర్డుల్లో విద్యార్థులకు ఎదురయ్యే మొదటి మాట కూడా అదే. ఇంగ్లీషులో, చిరునవ్వుతో, వీపు తట్టి మరీ అంటారు కాబట్టి వాళ్ళకు వెంటనే తెలియదు.

వికర్ణుడి రెండో సగం ఇంకా కష్టమైనది. అంత చెప్పినవాడు ఆ పక్షాన్నే ఉండిపోయాడు. యుద్ధం మొదలయ్యే వేళ ధృతరాష్ట్రుడి మరో కొడుకు యుయుత్సుడు పాండవుల వైపు వెళ్ళాడు, వికర్ణుడు వెళ్ళలేదు. భీముడి చేతిలోనే చచ్చిపోయాడు, చంపిన భీముడే బాధపడ్డాడు. మరి మాట్లాడిన రోజే అతని పావు వంతు తీరిపోయిందా, ఉండిపోయినందుకు మళ్ళీ పెరిగిందా? పిల్లలు ఇది అడిగినప్పుడు నేను యుయుత్సుడి పక్షం వహించను. ప్రతి తప్పుకూ లేచి వెళ్ళిపోయేవాళ్ళతో ఏ సంస్థా నడవదు. కానీ ఒకసారి మాట్లాడాను, నా పని అయిపోయిందని జీవితాంతం అదే రసీదు చూపించేవాళ్ళను కూడా చూశాను. కశ్యపుడి లెక్క ఒక సభకు సంబంధించినది. వచ్చే నెల సభకు మళ్ళీ కొత్త ఖాతా తెరవాల్సిందే.

అతిగా మాట్లాడేవాళ్ళ జబ్బు వేరు. కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసి వచ్చిన ఒక అబ్బాయి, ఇక్కడివాడే, చేరిన కొత్తలోనే సంస్థ అద్దె ఒప్పందంలో ఒక లోపం పట్టాడు. నిజంగానే లోపం. నాతో ఒక్క మాటనకుండా రంగురంగుల స్లైడ్లు చేసి బోర్డు మొత్తానికి రాత్రికి రాత్రే మెయిల్ కొట్టాడు. అందరూ ముడుచుకుపోయారు. లోపం అలాగే మిగిలింది. అతను చెప్పింది సత్యమే, కానీ ఆ సత్యాన్ని కనిపెట్టింది తానేనని నలుగురికీ తెలియాలన్న తాపత్రయం సత్యానికి ముందు నడిచింది. గీత పనినీ ఫలాన్నీ విడదీయమన్నది ఇలాంటి చోటకే. ఏడాదికి వెళ్ళిపోయే ఫెలోకి ఆ విడదీత బలవంతంగానైనా అబ్బాలి. తాను నాటిన చెట్టు నీడలో కూర్చోడు. అసలు నాటిందెవరో కూడా మూడేళ్ళకు ఎవరికీ గుర్తుండదు.

అతనికి గాంధీ ఆత్మకథలో ఒక చోటు చూపించాను. దక్షిణాఫ్రికా రోజుల్లో గీత చదువుతూ ఆయన అపరిగ్రహం దగ్గర చిక్కుపడతాడు. భార్యాపిల్లలు కూడా పరిగ్రహమేనా, బీరువాల నిండా ఉన్న పుస్తకాలను ఏం చేయాలి? అప్పుడు లండన్‌లో లా చదివిన రోజుల నాటి స్నెల్ ఈక్విటీ పుస్తకం గుర్తొస్తుంది. ట్రస్టీ ఎంత ఆస్తినైనా ఏలుతాడు, కానీ అందులో రవ్వంత కూడా తనదనుకోడు. గీత చెప్పింది ఇలాంటి మనిషి గురించేనని ఆయనకు అక్కడ తెలిసివచ్చింది. ఇంగ్లండు కోర్టుల న్యాయశాస్త్రం సాయంతో గీత అర్థం కావడమన్నది నాకు ఎప్పుడూ ముచ్చటే. ఆ ఊపులో ఆయన 10,000 రూపాయల జీవిత బీమాను కూడా వదిలేయమని రాసేశాడు. నన్నడిగితే ప్రీమియం కట్టుకోమనేదాన్ని, అది వేరే సంగతి.

గాంధీ ట్రస్టీకి ఆస్తి మీద పెత్తనమైనా ఉంది. ఈ పిల్లలకు అదీ లేదు. నావరకు నాకు వాళ్ళే ఆ ఆదర్శానికి దగ్గరివాళ్ళు, కనీసం ఆ ఏడాది పాటు. ఓటున్న పెద్దలకు మరిచిపోయే వెసులుబాటు ఉంది. ఎంత మరిచిపోగలరో 1974లో వాషింగ్టన్‌లో ఒక జడ్జి రాసిపెట్టాడు. సిబ్లీ ఆసుపత్రిని మెథడిస్టు చర్చి స్త్రీల శిక్షణ సంస్థ ఒకటి నడిపేది. దాని ధర్మకర్తల్లో కొందరు బ్యాంకుల్లోనూ పెద్దలే. ఆసుపత్రి డబ్బు పెద్దపెద్ద మొత్తాల్లో ఆ బ్యాంకుల్లో వడ్డీ రాని ఖాతాల్లో పడి ఉండేది. నియమావళి ప్రకారం ఆర్థిక సంఘం ఉంది, పెట్టుబడుల సంఘం ఉంది, ఏళ్ళ తరబడి అవి సమావేశమే కాలేదు. ఇద్దరు నడిపించారు, మిగతావాళ్ళు తలూపారు. రోగులు కేసు వేశారు. జడ్జి గెర్హార్డ్ గెసెల్ ఆ ధర్మకర్తలు బాధ్యత తప్పారన్నాడు. అయినా ఎవరినీ పదవి నుంచి తీసేయలేదు, జరిమానా కట్టమనలేదు. ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి చూడండి: ఉన్న ధర్మకర్తలే గాక, రాబోయే 5 ఏళ్ళలో ఎన్నికయ్యే ప్రతి ధర్మకర్తా ఈ తీర్పు చదవాలి.

పారాయణం శిక్షగా వేసిన జడ్జిని నేను ఇంకొకరిని ఎరగను. కొందరు లాయర్లు ఆయన మెతకగా వదిలేశాడంటారు. నాకలా అనిపించదు. ఆ ధర్మకర్తలు దొంగలు కారు, చదవని మనుషులు. చదవనివాళ్ళ చేత చదివించాడు. ఏటా సెప్టెంబరులో కొత్త పిల్లలు రాగానే ఆ తీర్పునూ, సభాపర్వంలో విదురుడి కథనూ కలిపి ఇస్తాను. ఇక్కడి పిల్లలకు రెండోది ఇంగ్లీషు అనువాదంలో ఇస్తాను. వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తారు, ద్రౌపది పేరు పలకడానికి తంటాలు పడతారు, ప్రశ్నలు మాత్రం మనవాళ్ళకంటే మొహమాటం లేకుండా అడుగుతారు.

ఈ ఏడు వచ్చినవాళ్ళలో ఒక నర్సు ఉంది. దక్షిణ ఒహాయో కొండల్లో పెరిగి, రాత్రి డ్యూటీలు చేస్తూ ఆసుపత్రి పాలనలో మాస్టర్స్ చదువుతోంది. కశ్యపుడి భాగాలను కాగితం మీద గీసుకుని, సగం, పావు, పావు, మొత్తం ఒకటి అని సరిచూసుకుని, "ఇందులో ఆవిడ ఎక్కడుంది?" అంది. ఎవరు అని అడిగాను. "ఎవరికి అన్యాయం జరిగిందో ఆవిడ. పాపాన్ని సభవాళ్ళు పంచుకున్నారు, పుణ్యం వచ్చినా సభవాళ్ళే పంచుకుంటారు. ప్రశ్న అడిగిన మనిషి పేరు మీ లెక్కలోనే లేదు."

నా దగ్గర జవాబు లేదు. వ్యాను గొడవ జరిగిన బోర్డు గుర్తొచ్చింది. బ్యాంకరు, లాయరు, పాస్టరు, నా కుర్రాడు, అందరూ ఉన్నారు. ఆ అన్నం తినే పిల్లల ఇళ్ళ నుంచి ఒక్క తల్లి లేదు.

అలాంటి బోర్డులు అసలు లేకపోలేదు. ఫెడరల్ గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల బోర్డుల్లో కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం చేయించుకునేవాళ్ళే ఉండాలని చట్టం. 1965లో బోస్టన్ కొలంబియా పాయింట్‌లో మొదలైన తొలి కేంద్రం నాటి ఆలోచనే ఇలా చట్టంలోకి ఎక్కింది. నర్సమ్మ ఏరి కోరి అలాంటి ఒక కేంద్రం బోర్డులోనే ఫెలోగా చేరింది. నాకు మళ్ళీ ఒక సందేహం. ద్రౌపదే సభాసదురాలైతే, మాట్లాడని రోజున ఆవిడకూ ఆ పావులో వాటా వస్తుందా? ఇది అడిగితే నర్సమ్మ విసుక్కుంది, ముందు ఆవిడకు మాట్లాడటానికి కావలసింది ఇవ్వండి, తర్వాత వాటాలు వేద్దురు గాని అని.

మొదటి సమావేశం నుంచి వచ్చి చెప్పింది. ఆర్థిక నివేదిక కాసేపట్లో అయిపోయిందట, ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదట. తర్వాత మాత్రం సాయంత్రం ఫోన్ ఎందుకు ఎత్తరు, బస్సు దిగే చోటి నుంచి గుమ్మం దాకా మంచు ఎవరు తీయాలి అన్న దాని మీద గంటకు పైగా గొడవ. ఆ గొడవ అవసరమైనదేనట. కానీ ఆ నివేదిక వాళ్ళకు అర్థం కాలేదనీ, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డారనీ అంది. వచ్చే నెల రోగుల తరఫు సభ్యులందరినీ ఒక చోట కూర్చోబెట్టి బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పమంది. పాత లెక్కలు కొన్ని, తప్పులున్నవే చూసి, తీసి పెట్టుకుంటున్నాను.